ఎబెనెజరు తొలి ప్రయాణం

శుక్రవారం స్టీల్ ప్లాంటులో పనిచేసే దేవీప్రసాద్‌కి వీక్లీ ఆఫ్. పొద్దున్నే భార్య రేచల్ ఆసుపత్రి డ్యూటీకి వెళ్ళాక ఆటలోకి వెళ్ళి, కొలిమి వెలిగించి, ఓడకి తక్కువైన మేకులు నాలుగు పోతపోసి, వీధి చివర బండి దగ్గర పెసరట్టు తిని, మధ్యాహ్నం దాకా పడుకోవాలని అతని ఆలోచన. సాయంత్రం ఏడింటికి ఓడ బయల్దేరుతుంది. ఇంతకంటే అమాయకమైన పథకం ఆ పొద్దున గాజువాకలో ఇంకెవరూ వేసి ఉండరు.

ఓడంటే పోర్టులో ఆగే ఓడ కాదు, కంప్యూటర్ ఆటలో ఓడ. ఆ ఆటలో నలుగురు కలిసి ఒక దీవిలో దిగుతారు. ఒంటి మీద గోచీ తప్ప ఏమీ ఉండదు. చెట్లు నరుక్కోవాలి, రాళ్ళు తవ్వుకోవాలి, ఇల్లు కట్టుకోవాలి, ఇనుము కరిగించుకోవాలి, చీకటి పడ్డాక అడవిలోంచి వచ్చే రాక్షసుల నుంచి ప్రాణాలు కాపాడుకోవాలి. చచ్చిపోతే చేతిలో ఉన్న సామానంతా చచ్చిన చోటే పడిపోతుంది, మళ్ళీ గోచీతో మంచం మీద లేస్తారు. దేవీప్రసాద్ తల్లి కాశమ్మ ఒకసారి ఊరి నుంచి వచ్చి ఇదంతా సాంతం చూసి, "ఈ సాకిరీ అంతా మన పొలంలో సేత్తే కూలి డబ్బులైనా మిగుల్నురా" అంది.

నలుగురిలో ఒకడు దేవీప్రసాద్. రెండు రేచల్. మూడు రేచల్ తమ్ముడు జాక్సన్. రుషికొండలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఆ కుర్రాడే ఈ ఆట తెచ్చి అందరికీ అంటించాడు, తన కంప్యూటర్లో ఆ లోకాన్ని రాత్రీపగలూ నడిచేలా పెట్టాడు. ఎవరూ ఆడకపోయినా అక్కడ గంటకోసారి పొద్దు పొడుస్తుంది, పొద్దు గుంకుతుంది. నాలుగో మనిషి, నలుగురికీ నాయకుడు, దేవీప్రసాద్ మామగారు విజయరత్నం. పోర్టులో నలభై ఏళ్ళు, పెద్ద ఓడల్ని రేవులోకి లాగే టగ్గు నడిపి రిటైరైన మనిషి. ఆయన దేవీప్రసాద్‌తో మాట్లాడడు.

రెండేళ్ళ కిందట, పెళ్ళి చర్చిలోనే జరగాలని ఆయనా, ఊళ్ళో పందిరేసి చెయ్యాలని కాశమ్మా పట్టుబడితే, పిల్లలిద్దరూ విసిగిపోయి రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్ళి సంతకాలు పెట్టి వచ్చేశారు. కాశమ్మ నెల రోజులు అలిగి ఊరుకుంది. విజయరత్నం అలకకి మాత్రం రిటైర్మెంటు లేదు. అల్లుణ్ణి ఇంటికి పిలవలేదు. ఏ ఫంక్షన్లోనో ఎదురుపడితే, "మీ ఆయన్ని పక్కకి జరగమను" అని కూతురికి చెప్పేవాడు. రేచల్ అటుది ఇటూ ఇటుది అటూ అందిస్తూ ఉండేది.

ఆటలో చేరిన కొత్తల్లో కూడా అంతే. కానీ ఒక సాయంత్రం అడవిలో ఇద్దరూ కట్టెలు కొడుతుండగా దేవీప్రసాద్ వెనకాల చింతచెట్టంత రాక్షసుడు గద ఎత్తాడు. రేచల్ ద్వారా చెప్పించే వ్యవధి లేదు. "అల్లుడూ! ఎనక! ఎనక సూడు!" అని విజయరత్నం మైకులో గట్టిగా అరిచాడు. రెండేళ్ళలో ఆయన నోట వచ్చిన మొదటి 'అల్లుడూ' అది. దేవీప్రసాద్ ఎంత పొంగిపోయాడంటే, వెనక్కి తిరగడం మరిచిపోయి చచ్చిపోయాడు.

ఆనాటి నుంచి ఆటలో ఉన్నంతసేపూ మాటలు నడిచాయి. కంప్యూటర్ కట్టేస్తే మాటలూ కట్టు. ఓడ కడదామని విజయరత్నం అన్నప్పుడు దేవీప్రసాద్ ఎగిరి గంతేశాడు. మూడు నెలలు ఆయన చెక్కలు పేర్చాడు, ఇతను ఇనుము కరిగించి మేకులు పోశాడు. పోర్టు ఓడ కడితే స్టీల్ ప్లాంటు ఇనుము ఇచ్చింది. ఆ ఓడకి ఆయన ఎబెనెజరు అని పేరు పెట్టాడు. 'ఇంతవరకు దేవుడు మనకు సహాయం చేశాడు' అని బైబిల్లో ఆ పేరుకి చెప్పిన మాట. ఆ ఓడ ఉన్నన్నాళ్ళూ ఆ మనిషి తనతో మాట్లాడతాడు, అది లేకపోతే మానేస్తాడు. ఇది దేవీప్రసాద్ నమ్మకం. ఆ నమ్మకం మీదే అతను మూడు నెలలుగా బతుకుతున్నాడు.

దీవిలో రెండు కట్టుబాట్లు ఉన్నాయి. ఒకటి విజయరత్నం పెట్టింది: ఆట వదిలి వెళ్ళేవాళ్ళు కొలిమి ఆర్పి వెళ్ళాలి. రాత్రిపూట పొగ కనిపిస్తే రాక్షసులు దిగుతారు. రెండోది రేచల్ పెట్టింది: ఊరి చుట్టూ, తన గుమ్మడి తోట చుట్టూ, తాను వేసిన కంచె జోలికి ఎవరూ రాకూడదు.

కొలిమి ఆర్పడం దేవీప్రసాద్‌కి చేతకాని పని. అతను ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేస్ మనిషి. అక్కడ ఫర్నేస్ చల్లబడటమంటే ఇంట్లో మనిషి ఒళ్ళు చల్లబడటంతో సమానం. పండగైనా తుఫానైనా అది మండుతూనే ఉండాలి. ఏళ్ళ తరబడి ఆ మంట ఎదుట నిలబడ్డవాడికి, ఎర్రగా వెలుగుతున్న కొలిమిని చేతులారా ఆర్పాలంటే మనసొప్పుతుందా? ఆ శుక్రవారం కూడా మేకులు పోశాక కొలిమి వైపు చూశాడు. నిండా బొగ్గుతో ముద్దొస్తూ ఉంది. పెసరట్టు ఎంతసేపు, ఇప్పుడే వచ్చేస్తాను కదా అనుకుని, ఇంకో నాలుగు బొగ్గులు కూడా వేసి వెళ్ళాడు.

పెసరట్టులో ఉప్మా పెట్టించుకున్నాడు. అదీ ఆలస్యానికి కారణం. తిరిగి వచ్చి తెర ముందు కూర్చునేసరికి రేవులో ఓడ లేదు.

తెరచాప కొయ్య ఒక్కటి నీళ్ళలోంచి ఏటవాలుగా పైకి తేలి ఉంది. చెక్కలు అలల మీద అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి. 'ఎబెనెజరు' అని రాసిన పలక ఇసకలో బోర్లా పడి ఉంది. కొలిమి వైపు చూస్తే అది ఏ పాపమూ ఎరగనట్టు భగభగ మండుతోంది, పొగ ఆకాశానికి తాకుతోంది. పరిగెత్తి వెళ్ళి కొలిమి ఆర్పేశాడు. జీవితంలో అతను ఆర్పిన మొదటి మంట అదే.

కొలిమికి ఒక్క దెబ్బ తగల్లేదు. పక్కనున్న పాకకీ తగల్లేదు. పొగ చూసి వచ్చిన రాక్షసులు పొగ వచ్చే చోటు వదిలేసి, పనిగట్టుకుని రేవుకి నడిచి, ఓడ ఒక్కదాన్నే విరగ్గొట్టి వెళ్ళారా అనే అనుమానం తీరికగా ఉన్నవాడికి వస్తుంది. దేవీప్రసాద్‌కి ఆ తీరిక లేదు. అతని చెవుల్లో మామగారి మౌనం అప్పుడే మొదలైంది.

జాక్సన్‌కి ఫోన్ చేశాడు. "జాక్సన్, మన లోకాన్ని నిన్న రాత్రి ఉన్నట్టు ఎనక్కి తిప్పగలవేటి?"

"ఏటయినాది బావా?"

"ఏటీ అవలేదు. ఊరికే అడుగుతన్నాను."

"అవదు బావా. పాత కాపీలు ఉంచొద్దని నాన్నే అన్నాడు. సముద్రంలో పోయిందాన్ని ఎనక్కి తెచ్చుకుంటే అది ఓడ నడపడం కాదు, మోసం అన్నాడు. ఇంతకీ ఏటి పోనాది?"

"ఏటీ పోలేదు."

"మరి నీ గొంతేటి అలగుంది?"

"పెసరట్టు అడ్డం పడింది" అని ఫోన్ పెట్టేశాడు దేవీప్రసాద్.

ఇక మిగిలిన దారి ఒక్కటే, సాయంత్రంలోగా ఇంకో ఓడ కట్టడం. దానికి ఇనుము కావాలి. ఇనుపరాయి దొరికేది ఊబి అవతల గుహలో. అక్కడికి ఎప్పుడూ నలుగురూ కలిసే వెళ్ళేవాళ్ళు, అప్పుడు కూడా విజయరత్నం ముందు నడిస్తే దేవీప్రసాద్ అందరికంటే వెనక నడిచేవాడు. ఇప్పుడు ఒక్కడే వెళ్ళాడు. గుహలో చీకటి, ఎక్కడో నీటిబొట్టు పడుతున్న చప్పుడు, తన అడుగుల వెనక ఇంకెవరివో అడుగులు. బయట మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తున్నా అతనికి వెన్నులోంచి చలి పుట్టింది. ఊపిరి బిగబట్టి ఒక్కో అడుగూ వేస్తున్నాడు. సరిగ్గా అప్పుడే పక్కింటి కుక్కర్ కూత వేసింది. దేవీప్రసాద్ కెవ్వుమని కుర్చీలోంచి లేచాడు. మౌసు ఒక వైపు, కత్తి ఒక వైపు పోయాయి. గుహలో ఉన్నదేదో వచ్చి అతన్ని మింగేసింది.

గోచీతో మంచం మీద లేచాడు. పోయిన సామాను తెచ్చుకుందామని మళ్ళీ వెళ్ళాడు. మళ్ళీ గోచీతో లేచాడు. ఈసారి సామాను తెచ్చుకోవడానికి కూడా సామాను లేదు.

ఓడ కట్టడం కుదరదని తేలిపోయాక, ఓడ చూడ్డమే కుదరకుండా చేస్తే పోలా అని తోచింది. భయంలో ఉన్నవాడికి ప్రతి ఆలోచనా గొప్పగానే తోస్తుంది. రేచల్‌కి ఫోన్ చేశాడు. "మనింట్లో నెట్ పోనాది. ఈ రాత్రికి రాదంట. ఓడ సంగతి ఇంకో రోజు సూసుకుందామని మీ నాన్నకి సెప్పు."

"అయ్యో, హెన్రీ అంకుల్ వాళ్ళని కూడా పిలిచేశాడు నాన్న. ఉపవాస ప్రార్థన అయ్యాక నేరుగా మా ఇంటికే వస్తారు, టీవీలో ఓడని చూపిస్తానన్నాడు. ఉండు, చెప్తాను" అంది రేచల్. హెన్రీ అంటే విజయరత్నంతో పోర్టులో పనిచేసిన మనిషి, చర్చిలో సంఘ పెద్ద.

కాసేపటికి రేచల్ మళ్ళీ చేసింది. గొంతు వింతగా ఉంది. "అమ్మతో మాట్లాడాను. నాన్న నిన్ను ఇంటికి రమ్మన్నాడంట. అక్కడి నుంచే ఆడొచ్చంట. భోజనానికి కూడా ఉండమన్నాడంట. ప్రసాద్, విన్నావా? నాన్న నిన్ను రమ్మన్నాడు!"

రెండేళ్ళుగా దేవీప్రసాద్ ఈ పిలుపు కోసం ఎదురు చూశాడు. కలలో కూడా ఆ గుమ్మం ఎక్కాడు. ఇవాళ ఆ పిలుపు వస్తే, పట్టపగలు పోలీసులు పిలిచినట్టు అనిపించింది.

"నాకు ఒళ్ళు ఎచ్చగా ఉంది" అన్నాడు నీరసంగా.

"ఎంతుంది? పర్మిషన్ పెట్టి ఇప్పుడే వస్తాను, చూస్తాను" అంది నర్సు అయిన రేచల్.

"తగ్గిపోనాది" అన్నాడు దేవీప్రసాద్.

ఫోన్ పెట్టేసి తెర వైపు తిరిగాడు. కిటికీ బయట పొద్దు వాలుతోంది. పాత ఓడ చెక్కల్ని అలలు పట్టుకుపోయాయి, కొత్తగా చెట్లు కొట్టే సమయం లేదు, ఇనుము లేదు. అప్పుడు అతని చూపు కంచె మీద పడింది. దిట్టమైన చెక్కలు. ప్రతి చెక్కకీ ఇనుప మేకులు, అన్నీ తాను పోసినవే. దేవీప్రసాద్ మంచివాడు. కంచె అంతా తీసేద్దామని అతను అనుకోలేదు. తోట వెనక వైపు నాలుగు చెక్కలు చాలనుకున్నాడు. నాలుగు తీశాక ఓడకి అడుగు భాగం అయింది, పక్కలు కావాలి. పక్కలు అయ్యాయి, మొన కావాలి. చివరికి ఊరి చుట్టూ గుంజల గుంటలు మిగిలాయి, రేవులో మాత్రం ఓడలాంటిది ఒకటి తేలింది. తెరచాపగా మంచం మీది దుప్పటి కట్టాడు. పలక తీసుకొచ్చి ముందు బిగించాడు. దూరం నుంచి, చీకట్లో, కళ్ళజోడు లేనివాళ్ళకి అది ఓడే.

సాయంత్రం గాజువాకలో బస్సెక్కి జగదాంబలో దిగి ఆటో పట్టుకున్నాడు. ఒళ్ళో తనదీ రేచల్‌దీ రెండు లాప్‌టాప్‌లున్న బ్యాగు రాయిలా ఉంది. జాలరిపేట దగ్గర చేపల బుట్టలు అడ్డం వచ్చి ఆటో ఆగితే, ఇంకాసేపు ఆగితే బాగుండునని మొక్కుకున్నాడు. ఆగలేదు. మామగారి గేటు దగ్గర రేచల్ నిలబడి ఉంది, డ్యూటీ చీరలోనే, మొహమంతా వెలుగుతో. ఆ మొహం చూస్తే అతనికి ఇంకా భయం వేసింది.

"రా బాబూ, రా. ఇన్నాళ్ళకి దారి తెలిసినాదేటి?" అంటూ అత్తగారు రోజలిన్ ఎదురొచ్చింది. లోపల వంజరం చేప పులుసు ఉడుకుతున్న వాసన. హాల్లో పెద్ద టీవీ, దాని ముందు కుర్చీలో విజయరత్నం. అల్లుణ్ణి చూసి సగం లేచి, మళ్ళీ కూలబడ్డాడు. నుదుటి మీద చెమట. ఫ్యాను మాత్రం గిర్రున తిరుగుతోంది. ఇంత కోపం మీద ఉన్నాడా అనుకున్నాడు దేవీప్రసాద్.

"మీ ఆయన్ని కూకోమను" అన్నాడు విజయరత్నం కూతురితో.

"కూర్చోమంటున్నాడు" అంది రేచల్.

"కూకున్నానని సెప్పు" అన్నాడు దేవీప్రసాద్.

"కూర్చున్నాడంట నాన్నా" అని, రేచల్ అలవాటు ప్రకారం ఇద్దరి మధ్యా సోఫాలో కూర్చుని తన లాప్‌టాప్ తెరిచింది.

హెన్రీ, ఇంకో ఇద్దరు సంఘ పెద్దలు వచ్చారు. పొద్దుటి నుంచి ఉపవాసం ఉన్నవాళ్ళు. హెన్రీ చూపు వంటింటి వైపు ఒకసారి పోయి వచ్చింది. "రత్నం, బేగి ఓడ సూపించెయ్యి. తరవాత పులుసు సంగతి సూద్దాం."

"ముందు పులుసే తినీయండి, ఆకలితో ఉన్నారు" అన్నాడు విజయరత్నం.

"ఇంకా ఉడకలేదు" అని వంటింట్లోంచి వినిపించింది.

"అయితే ప్రార్థన సేద్దాం" అన్నాడు విజయరత్నం, లేచి నిలబడి. ఆ ప్రార్థన చాలాసేపు సాగింది. ముందు పోర్టులో ఉన్న ఓడలన్నిటి కోసం చేశాడు. జాలరిపేట పడవల కోసం, సముద్రంలో ఉన్నవాళ్ళ కోసం చేశాడు. హార్బర్‌లో పాత టగ్గుల్ని పేరుపేరునా తలుచుకున్నాడు. చివరికి స్టీల్ ప్లాంటు ఫర్నేసుల కోసం కూడా చేశాడు. దేవీప్రసాద్ తల వంచుకుని, ఈ ప్రార్థన ఇలాగే తెల్లారేదాకా సాగాలని తానూ లోపల వేరే ప్రార్థన చేసుకున్నాడు. హెన్రీ "ఆమెన్" అని మూడుసార్లు అడ్డం పడితే గానీ విజయరత్నం ఆపలేదు.

ఇక తప్పలేదు. జాక్సన్ ఆఫీసులోనే చిక్కుకుపోయాడు, మిగిలిన ముగ్గురూ దీవిలో ప్రవేశించారు. విజయరత్నం చూసేదంతా టీవీలో కనబడుతోంది. దేవీప్రసాద్ గొంతు సవరించుకుని, "మావయ్యా, ఓడకి ఇంకో నాలుగు మేకులు తక్కువున్నాయి. ముందు కొలిమి ఎలిగిత్తాను" అన్నాడు.

"అవును అల్లుడూ!" అన్నాడు విజయరత్నం ఆత్రంగా. "నిదానంగా పొయ్యి. తొందరేటీ నేదు. మేకు గట్టిగా ఉండాల."

కోపంగా ఉన్న మనిషి ఇంత సాయం ఎందుకు చేస్తున్నాడో దేవీప్రసాద్‌కి అర్థం కాలేదు. అర్థం చేసుకునే స్థితిలోనూ లేడు. కొలిమి వెలిగించి, దడ ఆపుకోలేక బొగ్గు మీద బొగ్గు వేశాడు. పొగ లేచింది. ఒక మేకు పోశాడు, విజయరత్నం దాన్ని మెచ్చుకున్నాడు. ఇంకొకటి పోశాడు, దాన్నీ మెచ్చుకున్నాడు. దీవిలో పొద్దు గుంకింది.

"రత్నం, మేకులు సూడ్డానికి ఒచ్చామేటి? ఓడేదీ?" అన్నాడు హెన్రీ.

రేచల్ దీవిలో పాకలోనే ఉండి దారి బత్తెం మూటకడుతుంటే, మామా అల్లుళ్ళు మెల్లగా రేవు వైపు నడిచారు. ఇంత మెల్లగా నడవొచ్చని ఆ ఆట తయారు చేసినవాళ్ళకి కూడా తెలిసి ఉండదు. కొండ మలుపు తిరగబోతుండగా దేవీప్రసాద్ కళ్ళు మూసేసుకున్నాడు. మామ ఏమంటాడో వినడానికి చెవులు మాత్రం మిగిలాయి.

ముందు మౌసు కింద పడిన చప్పుడు. తరవాత కుర్చీ వెనక్కి పోయిన చప్పుడు.

"దేవా! స్తోత్రం!"

దేవీప్రసాద్ కళ్ళు తెరిచాడు. విజయరత్నం నిలబడి రెండు చేతులూ పైకెత్తి టీవీలో తేలుతున్న ఓడని చూస్తున్నాడు. కళ్ళలో నీళ్ళు. "హెన్రీ, ఇది అద్బుతం! పొద్దున్న నాను దీన్ని బండకి కొట్టీసినాను. ముక్కలైపోనాది. ఈ కళ్ళతో సూసినాను!"

దేవీప్రసాద్‌కి తాను విన్నది నిజమో కాదో తెలియలేదు. "ఏటన్నారు మావయ్యా?"

విజయరత్నం అతని వైపు తిరిగాడు. "మీ అందరి ముందర తడబడకూడదని, పొద్దున్న ఎవరూ లేనప్పుడు ఒక పాలి నడిపి సూద్దామనుకున్నాను అల్లుడూ. నలభయ్యేళ్ళు టగ్గు నడిపిన సెయ్యి కదాని ధైర్యం. ఎనక్కనుకుని ముందుకి నొక్కీసినాను. ఎల్లి బండకి కొట్టుకున్నాది. మూడు నెలలు నువ్వు పోసిన ఇనుమంతా నీళ్ళపాలు సేసి, సెప్పడానికి మొకం సెల్లక ఆట కట్టీసి పారిపోనాను. ఇంక నువ్వు నాతో మాటాడవనుకున్నాను."

"నాను మాటాడనా?" అన్నాడు దేవీప్రసాద్. "మీరే మాటాడరని నాను పొద్దుట్నించీ సచ్చిపోతన్నాను. కొలిమి ఆర్పకుండా టిఫినుకి ఎల్లిపోనాను. పొగ సూసి రాక్షసులొచ్చి ఇరగ్గొట్టారనుకున్నాను. నెట్ పోనాదని అబద్దం కూడా ఆడాను."

"అబద్దమా? మరి నువ్వే ఇంటికి వత్తానన్నావంట కదా?"

"నాను అన్లేదు. మీరే రమ్మన్నారంట కదా?"

మామా అల్లుళ్ళు ఇద్దరూ వంటింటి గుమ్మం వైపు తిరిగారు. గుమ్మంలో నిలబడ్డ రోజలిన్ "పులుసు మాడిపోతంది" అని లోపలికి వెళ్ళిపోయింది.

మైకులు పక్కన పడి ఉన్నాయి. తాము ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ మాట్లాడుతున్నామని ఇద్దరికీ అప్పుడే తెలిసింది. విజయరత్నం చెయ్యి చాచి అల్లుడి భుజం మీద వేశాడు. మధ్యలో కూర్చున్న రేచల్, ఆ చెయ్యి తన మీదుగా వెళ్ళడానికి తల వంచుకోవలసి వచ్చింది. వంచుకున్న తల ఎత్తేటప్పుడు ఆమె చూపు టీవీ మీద పడింది.

"ఒక్క నిమిషం. ఓడ ముక్కలైపోతే, మరి ఇదేంటి?"

"నాను కట్టాను" అన్నాడు దేవీప్రసాద్ సిగ్గుపడుతూ.

"దేంతో?"

రేచల్ టీవీ దగ్గరకి వెళ్ళి చూసింది. "ఓడ పక్క చెక్కకి గుమ్మడి తీగ ఎందుకు అల్లుకుని ఉంది?" ఇంకా దగ్గరకి వెళ్ళి చూసింది. "ప్రసాద్. నా కంచేదీ?"

అతను నోరు తెరిచేలోపు విజయరత్నం గొంతు వినబడింది. చాలా నెమ్మదిగా, గుసగుసగా. "అల్లుడూ, కొలిమి ఆర్పినావా?"

టీవీలో చీకటి పడిపోయి ఉంది. కొలిమి నిండా ఎర్రటి మంట, దాని మీద తాటిచెట్టంత పొగ. ఎక్కడో అడవిలో భూమి ఒకసారి అదిరింది. షోకేసులో గాజు గ్లాసులు గలగలమన్నాయి. ఇంకోసారి అదిరింది. సంఘ పెద్దలు కుర్చీల్లో కాళ్ళు పైకి పెట్టుకున్నారు. చెట్లు విరుగుతున్న చప్పుడు దగ్గరకి వస్తోంది. కంచె ఉంటే అక్కడ కాసేపు ఆగేవాళ్ళు. లేదు కనుక ఒకరి వెనక ఒకరు, పెళ్ళి భోజనానికి వచ్చినట్టు, ఏ ఇబ్బందీ లేకుండా ఊళ్ళోకి నడిచి వచ్చారు.

"పరిగెట్టు అల్లుడూ! ఓడెక్కు! ఓడెక్కీ!"

"వత్తన్నాను మావయ్యా! మీరు ముందెక్కండి!"

భయంలో మనిషికి తన ప్రాణం, తన పక్కనున్నవాడి ప్రాణం తప్ప గుర్తుండవు. మామా అల్లుళ్ళు ఒకరి చేయి ఒకరు పట్టుకోవడం ఒక్కటే తక్కువగా ఓడెక్కారు. విజయరత్నం ఈసారి సరైన బొత్తం నొక్కాడు. ఓడ కదిలింది. హెన్రీ చప్పట్లు కొట్టాడు. దుప్పటి గాలికి నిండింది. ఎబెనెజరు రేవు దాటింది, ఇంతవరకు దేవుడు సహాయం చేశాడు. ఆ తరవాత కంచె చెక్కల సందుల్లోంచి నీళ్ళు రావడం మొదలైంది.

"తోడు అల్లుడూ!"

"దేంతో తోడను మావయ్యా?"

అప్పుడు ఒడ్డు నుంచి ఒక గొంతు వినబడింది. గదిలోంచి కూడా అదే గొంతు వినబడింది. "నేను ఇక్కడే ఉన్నాను" అంటోంది రేచల్.

ఇద్దరూ వెనక్కి చూశారు. కంచె వెతుక్కుంటూ పాకలోంచి వచ్చిన రేచల్ గుమ్మడి తోట మధ్యలో ఒక్కతే, చేతిలో పార, చుట్టూ నలుగురు రాక్షసులు. కాళ్ళ కింద గుమ్మడికాయలు ఒక్కొక్కటే పగులుతున్నాయి. వెనక్కి తిప్పుదామని విజయరత్నం తొందరలో బొత్తం నొక్కాడు. పొద్దున నొక్కిందే నొక్కాడు. ఓడ ముందుకి వెళ్ళి, పొద్దుటి బండకే, పొద్దున తగిలిన చోటే తగిలింది.

ముగ్గురూ గోచీలతో లేచారు. రాక్షసులు మంచాలు కూడా మిగల్చలేదు, ఉత్త నేల మీద లేచారు. సంఘ పెద్దలు ముగ్గురూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. "ఇంత బాగుంటాదని తెలీదు రత్నం. మళ్ళీ శుక్రవారం కూడా ఒత్తాం" అన్నాడు హెన్రీ. రోజలిన్ పులుసు గిన్నె తెచ్చి మధ్యలో పెట్టింది. విజయరత్నం తన చేత్తో వంజరం నడుము ముక్క తీసి అల్లుడి కంచంలో వేశాడు. "తిను అల్లుడూ. భయపడీసినావు" అన్నాడు. దేవీప్రసాద్‌కి ముక్క గొంతు దిగడానికి కాసేపు పట్టింది. ఈసారి నిజంగానే ఏదో అడ్డం పడింది.

మర్నాడు పొద్దున్నే దేవీప్రసాద్ ఫోన్ మోగింది. విజయరత్నం నేరుగా అతనికి చేసిన మొదటి ఫోన్ అది. "అల్లుడూ, కొత్త ఓడకి చెక్కలు కొట్టాల. మా అమ్మాయిని కూడా రమ్మని సెప్పు."

"మీరే సెప్పండి మావయ్యా. నాను సెప్తే వినట్లేదు."

"నాను సేత్తే ఫోనెత్తట్లేదు కదా" అన్నాడు విజయరత్నం దిగులుగా.

ఆ రోజు నుంచి మామా అల్లుళ్ళకి ఎవరి మధ్యవర్తిత్వమూ అక్కర్లేదు. రేచల్ మాత్రం ఇద్దరికీ ఏం చెప్పాలన్నా వాళ్ళమ్మ చేత చెప్పిస్తోంది.